కోరంగివారు

కాకినాడకు చేరువ, గోదావరి పాయ సముద్రమును గలియుచోట, కోరంగి యను రేవు ఒకప్పుడు గొప్పగా వెలసినది. 1839 నవంబరు తుపాను దానిని ముంచినది. మిగిలినదానిని ఒండ్రు పూడ్చినది. పేరు మాత్రము సముద్రము దాటినది.

1834 మొదలు ఒడంబడికపై మారిషస్ చెరకుతోటలకు పోయిన కూలీలలో తెలుగువారును గలరు. ఓడ దిగినవానికొక సంఖ్య నిచ్చిరి. అంకె ఎవరికి చుట్టము? చుట్టును చెరకు, తెలుగున పలుకరించువాడు అరుదు. తక్కినవారు వీరిని ‘కోరంగులు’ అనిరి. రంగూనులోను అదే పిలుపు. విశాఖపట్టణమువాడైనను, గంజామువాడైనను, అచట కోరంగివాడే. పరులు పెట్టిన పేరే వీరికి చుట్టరికమైనదని నా యూహ.

ఆ చుట్టరికము రామభజనలో, సింహాద్రి అప్పన్న పూజలో నిలిచినది. ఇంట క్రియోల్ పలుకు మునిమనుమలు నేటికిని ఆ భజనలలో తెలుగు పాడుచున్నారు. అర్థము తెలియనివారును గొంతు కలుపుదురు.