అటక మీది యాక్షన్ బొమ్మలు: అరవై ఏళ్ల చరిత్ర, సేకరించేవారి మక్కువ

చేతులు, కాళ్లు, మెడ, నడుము కదిలే ప్లాస్టిక్ వీరుల బొమ్మల్ని బజారులో యాక్షన్ ఫిగర్లు అంటారు. 1980ల చివర్లో, 90లలో మన ఇళ్లలో పెరిగిన మగపిల్లలకు ఇవి బాగా ఎరుక. ఆ పిల్లలకిప్పుడు నలభై వచ్చాయి. చాలామంది ఉద్యోగాల మీద వేరే ఊళ్లకు, వేరే దేశాలకు వెళ్లిపోయారు. బొమ్మలు మాత్రం అటక మీద ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. ఇంటికి సున్నాలు వేయించేటప్పుడో, ఇల్లు మారేటప్పుడో వాటిని పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తున్నాం. వేసే ముందు అవి ఏమిటో, పెద్దవాళ్లు కూడా వాటిని ఎందుకు కూడబెడుతున్నారో తెలుసుకుంటే మంచిది.

పేరు ఎలా పుట్టింది

1959లో అమెరికాలో మాటెల్ సంస్థ బార్బీ బొమ్మను తెచ్చింది. ఒక్క బొమ్మ కొన్న ఆడపిల్ల దాని బట్టలు, సామాన్లు వరసగా కొంటూ పోవడం మిగతా కంపెనీలు చూశాయి. 1964లో హాస్‌బ్రో సంస్థ మగపిల్లల కోసం జి.ఐ. జో అనే సైనికుణ్ణి దించింది. ఎత్తు 12 అంగుళాలు, కదిలే భాగాలు 21. ఇంగ్లీషులో 'డాల్' అంటే ఆడపిల్లల వస్తువని అర్థం. ఆ మాట వింటే తండ్రులు తమ కొడుకులకు కొనిపెట్టరన్న భయంతో కంపెనీ 'యాక్షన్ ఫిగర్' అనే కొత్త పేరు పెట్టింది.

మన భాషలో ఆ చిక్కు లేదు. కొండపల్లి ఏనుగంబారీ బొమ్మే, కొలువులో రాములవారూ బొమ్మే, తుపాకీ పట్టిన సిపాయీ బొమ్మే.

ఆ మొదటి జి.ఐ. జో కుడి బొటనవేలికి గోరు లోపలివైపు ఉంటుంది. అది అచ్చులో దొర్లిన తప్పు. నకలు కొట్టేవాళ్లను పట్టుకోవడానికి పనికొస్తుందని కంపెనీ దాన్ని దిద్దకుండా వదిలేసింది. సేకరించేవారు ఈనాటికీ చెంప మీది గాటుతో పాటు ఆ గోరు కూడా చూస్తారు.

దశాబ్దాల వారీగా

1970లు: 1972 నుంచి మెగో అనే కంపెనీ సూపర్‌మాన్, బాట్‌మాన్, స్పైడర్‌మాన్ వంటి కామిక్స్ వీరులను 8 అంగుళాల ఎత్తులో, గుడ్డ దుస్తులతో అమ్మింది. తరవాత స్టార్ వార్స్ సినిమా బొమ్మలు చేసే అవకాశం వస్తే ఆ కంపెనీ వద్దంది. కెన్నర్ అనే మరో కంపెనీ ఒప్పుకుంది. 1977 మేలో సినిమా వచ్చి విపరీతంగా ఆడింది గాని, క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. కెన్నర్ బొమ్మల్లేని అట్టపెట్టెను, అందులో ఒక కూపన్‌ను పెట్టి అమ్మింది. పిల్లలు కూపన్ పంపితే 1978లో బొమ్మలు పోస్టులో వచ్చాయి. వాటి ఎత్తు 3¾ అంగుళాలే. బొమ్మ చిన్నదైతే దానికి తగ్గ విమానాలు, వాహనాలు కూడా చేసి అమ్మవచ్చు. ఆ కొలతే ఆ తరవాత చాలాకాలం బజారును ఏలింది.

1980లు: 1982లో మాటెల్ హీ-మాన్‌ను తెచ్చింది. నడుములో స్ప్రింగు ఉంటుంది. తిప్పి వదిలితే గిర్రున తిరిగి గుద్దుతాడు. పెట్టెలో చిన్న కామిక్ పుస్తకం కూడా ఉండేది. అదే ఏడు హాస్‌బ్రో జి.ఐ. జోను 3¾ అంగుళాలకు తగ్గించింది. ఈసారి ఒక్కడు కాదు, ఒక దండు. ఒక్కొక్కడికి ఒక మారుపేరు, ఒక పని, ఒక పుట్టిన ఊరు. అట్ట వెనక కత్తిరించి దాచుకునే వివరాల కార్డు ఉండేది. ఆ కార్డుల్లో ఎక్కువ భాగం కామిక్స్ రచయిత లారీ హామా రాసినవే. 1984లో జపాన్ టకారా కంపెనీ అచ్చులతో ట్రాన్స్‌ఫార్మర్లు, 1988లో ప్లేమేట్స్ కంపెనీ నింజా తాబేళ్లు వచ్చాయి.

1990లు, ఆ తరవాత: కామిక్స్ చిత్రకారుడు టాడ్ మెక్‌ఫార్లేన్ 1994లో తన స్పాన్ పాత్రకు సొంతంగా బొమ్మలు చేయించాడు. అవి ఆడుకోవడానికి కన్నా అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి అన్నట్టు నగిషీగా ఉండేవి. పెద్దవాళ్ల కోసమే బొమ్మలు చేసే వ్యాపారం అప్పటినుంచి ఊపందుకుంది.

మన దేశంలో

ఇందులో మన పక్క కథ కూడా ఉంది. 1987లో ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి ఫన్‌స్కూల్ సంస్థను పెట్టాయి. దాని ప్రధాన కార్యాలయం చెన్నై. కర్మాగారాలు గోవాలోనూ, తమిళనాడు రాణిపేటలోనూ ఉన్నాయి. మన పిల్లలు ఆడుకున్న జి.ఐ. జోలు చాలావరకు ఈ సంస్థవే. అమెరికా అచ్చులతోనే చేసినా, ఇక్కడి రంగులు వేరు. కొన్నింటికి ఒకడి తల, ఇంకొకడి ఒళ్లు కలిపిన జోడింపులూ ఉన్నాయి. ఆ తేడాల కోసమే విదేశాల్లో సేకరించేవారు ఫన్‌స్కూల్ బొమ్మల్ని వెతికి మరీ కొంటున్నారు.

ఎందుకింత మక్కువ

మొదటిది అరుదు. స్టార్ వార్స్‌లో జావా అనే బొమ్మకు మొదట్లో ప్లాస్టిక్ పైవస్త్రం ఉండేది. చౌకబారుగా ఉందని త్వరలోనే గుడ్డకు మార్చారు. ఇప్పుడు ఆ ప్లాస్టిక్ వస్త్రం ఉన్నదానికే గిరాకీ, నకిలీలూ దానికే ఎక్కువ. బోబా ఫెట్ అనే బొమ్మ వీపు మీది రాకెట్టు ఎగిరేలా చేయాలని కెన్నర్ అనుకుంది. అంతలో వేరే కంపెనీ బొమ్మ రాకెట్టు గొంతులో ఇరుక్కుని ఒక పిల్లవాడు చనిపోవడంతో మానుకుంది. దుకాణానికే రాని ఆ నమూనాల్లో ఒకటి 2024లో అమెరికాలో వేలంలో 5,25,000 డాలర్లు పలికింది.

రెండోది నిండుతనం. బొమ్మ ఒక్కటే ఉంటే చాలదు. దాని తుపాకీ, టోపీ, వీపు సంచి, కార్డు అన్నీ ఉండాలి. గింజంత తుపాకీ కోసం ఏళ్ల తరబడి వెతికేవాళ్లున్నారు.

మూడోది, అన్నిటికన్నా గట్టిది, జ్ఞాపకం. ఇది మన ఇళ్లలో ఆడవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో ఏ బొమ్మ ఏ తిరునాళ్లలో కొన్నదో, ఏది అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిందో గుర్తుంటుంది. కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి పెట్టే కొలువును తమిళనాట, కన్నడనాట స్థిరపడ్డ మనవాళ్లు చుట్టుపక్కల వాళ్లతో కలిసి దసరాకు పెట్టుకుంటున్నారు. పండగ అయ్యాక ఒక్కో బొమ్మనూ పాత చీర ముక్కలో చుట్టి పెట్టెలో దాచడం కూడా సేకరణే. దానికి మనం ఆ పేరు పెట్టలేదు, అంతే.

ప్లాస్టిక్ సైనికుల విషయంలో ఇంకొక సంగతి ఉంది. బడిలో మన పిల్లలు చదివింది తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో. బొమ్మ అట్ట మీద ఉన్నది ఇంగ్లీషు. కాని వసారాలో కూర్చుని ఆ బొమ్మల చేత తిట్టించింది, బతిమాలించింది, యుద్ధం చేయించింది చాలా ఇళ్లలో తెలుగులోనే. ఆ మాటల్ని ఎవరూ రాసిపెట్టలేదు. ఆ బొమ్మ చేతికి వస్తేనే అవి నోటికి వస్తాయి. మనవడి ముందు దాన్ని పెట్టి, మీ నాన్న దీన్ని ఏమని పిలిచేవాడో తెలుసా అని అడిగితే ఒక సాయంత్రం తెలుగులో గడుస్తుంది. వేలంలో దానికి ధర లేదు.

ఇంట్లో ఉంటే ఏం చేయాలి

• ముందు పిల్లలకు ఫోటో పంపి అడగండి. వాళ్లను అడగకుండా అమ్మవద్దు, పంచవద్దు.
• చిన్న తుపాకులు, కత్తులు, కార్డులు చెత్త అనుకుని పారేయవద్దు. ఒక డబ్బాలో వేసి బొమ్మల పక్కనే ఉంచండి.
• విప్పని పాత ప్యాకెట్టు ఉంటే విప్పవద్దు.
• జి.ఐ. జో నడుము ఊడి రెండు ముక్కలైతే బొమ్మ పాడైనట్టు కాదు. లోపలి రబ్బరు రింగు తెగి ఉంటుంది. కొత్త రింగు వేస్తే మళ్లీ నిలబడుతుంది.
• ఎండలో ఆరబెట్టవద్దు, రంగు మారుతుంది. పెట్టెలో కలరా ఉండలు వేయవద్దు, వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడి పాడవుతాయి.
• రాకెట్లు, తుపాకుల వంటి చిన్న ముక్కల్ని పసిపిల్లలకు అందనివ్వవద్దు.
• అమ్మదలిస్తే ఒక్కరి మాట మీద అమ్మవద్దు. నలుగురిని విచారించి, బొమ్మను అన్ని వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఈ దసరాకు కొలువు పెట్టేవాళ్లు కింది మెట్టు మీద ఆ సైనికుడికీ కాస్త చోటివ్వండి. పక్కన చెట్టియారు బొమ్మ ఏమీ అనుకోదు.