పొలిమేర దాటని చాటింపు

దండోరా వేయువాని డప్పు పొలిమేర దాటి వినబడదు. పొరుగూరికి వార్త చేరవలెనన్న నొకడు మోసికొని పోవలెను. కంప్యూటరుల చాటింపునకును ఇదియే ధర్మము. యూసుఫ్‌గూడ చెంతనున్న అమీరుపేట శిక్షణశాలలలో విద్యార్థులు నేర్చు పాఠములలో నిదియొకటి.

1973లో అమెరికాయందు రాబర్టు మెట్‌కాఫ్ ఈథర్‌నెట్టును ప్రతిపాదించెను. అందొక యంత్రము చాటిన మాటను ఆ తీగపైనున్న యంత్రములన్నియు వినవలసినదే. యంత్రములు పెరిగినకొలది కేకలు పెరిగి పనికి విఘాతము కలుగును. 1984లో జెఫ్రీ మొగల్ వ్రాసిన పత్రములు జాలమును ఉపజాలములుగా విభజించు విధమును, చాటింపు హద్దులను నిరూపించెను. స్థానికమైన కేకను రూటరు ఆవలికి బోనీయరాదు.

మరి చిరునామా నొసగు సర్వరు ఆవలనున్నచో? 1985 నాటి బూట్‌పీ పద్ధతియందు నడుమనున్న యంత్రము ఆ కేక నాలకించి, తన చిరునామా చేర్చి, సర్వరునకు ఉత్తరమువలె బంపును.

దూరపు ఉపజాలమంతటికి నొక్కమాటుగా చాటు వెసులుబాటు మాత్రము కొంతకాలము మిగిలెను. 1990వ దశకము చివర దుండగులు పరుల పేరు పెట్టి అట్లు చాటగా, ప్రత్యుత్తరములన్నియు ఆ నిరపరాధిపై వెల్లువగా బడెను. అందుచే ఆ ద్వారమును రూటరులు మొదటినుండియు మూసియుంచవలెనని 1999లో నిబంధన వెలువడెను.

కావున మీ యూరి బడిలో నొక గది కంప్యూటరు పక్కగది ప్రింటరును గనుగొనలేనిచో, అది చెడినదని తలపకమునుపు నడుమ పొలిమేర యున్నదేమో విచారింపుడు.