నీళ్ళలో పురుడు

మొన్నామధ్య మా చెల్లెలికి అంబర్‌పేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో నెలలు నిండకుండానే పురుడొచ్చింది. పాప బరువు కేజీ ఎనిమిది వందలు. వార్మర్ కింద పెట్టి మమ్మల్నందర్నీ బయటికి పంపేశారు. "చిన్న ఒళ్ళు కదన్నా, వేడి నిలవదు" అంది నర్సమ్మ. వరండాలో రెండు రాత్రులు అదే ఆలోచన. పాప సరే, నీళ్ళలో పుట్టే పిల్లల సంగతేంటి? వాటికి వార్మర్ ఎవరు పెడతారు?

ఒళ్ళు చిన్నదైన కొద్దీ బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి వేడి తొందరగా పోతుంది. గాలిలో కంటే నీళ్ళలో ఇది సుమారు 25 రెట్లు వేగం. పైగా పుట్టిన క్షణమే పైకి తేలి ఊపిరి పీల్చాలి. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్ లేదు, డైరెక్టుగా ప్రొడక్షనే!

నీళ్ళలో బతకడం వేరు, నీళ్ళలో పుట్టడం వేరు. మూసీలో గేదె ఎంతసేపు నానినా ఈనేది గట్టు మీదే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలున్నాయి. రోజంతా నీళ్ళలోనే వేట, కానీ పిల్లల్ని పెట్టేది ఒడ్డున బొరియలో. ఒకే కాన్పులో చాలాసార్లు రెండు మూడు పుడతాయి, కళ్ళు కూడా తెరవవు. దాని చుట్టమే పసిఫిక్ ఉత్తర తీరాల్లోని సీ ఆటర్. అది మామూలుగా సముద్రంలోనే ఈనుతుంది, మామూలుగా ఒక్కటే పిల్ల. 20 కేజీల తల్లికి రెండు కేజీల పిల్ల! కళ్ళు తెరిచే పుడుతుంది. దాని బొచ్చులో గాలి ఎంతుంటుందంటే మునగమన్నా మునగదు.

మరి తిమింగలాలు? ఆ కథ మొదలైంది మన ఉపఖండంలోనే. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూలోని కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించి, 1971లో ఇండోహ్యస్ అనే జంతువుకి పేరు పెట్టారు. ఆయన పోయాక ఆ రాళ్ళు ఆయన భార్య ద్వారా తెవిసెన్ అనే శాస్త్రవేత్తకి చేరాయి. పగలగొడితే చెవి ఎముక తిమింగలం తరహాలో ఉంది! 2007లో ప్రకటించారు. సుమారు 4.8 కోట్ల ఏళ్ళ నాటి, గిట్టలున్న చిన్న జంతువది. నీళ్ళలో నడిచేదని అంచనా.

అసలు మలుపు బలూచిస్తాన్‌లో దొరికిన మాయాసీటస్. 4.75 కోట్ల ఏళ్ళ నాటి తిమింగలం. దాని కడుపులో పిల్ల ఉందని 2009లో గింగెరిచ్ బృందం రాసింది. తల ముందుకొచ్చేలా ఉంది కాబట్టి నేల మీదే ఈనేదన్నారు (ఇప్పటి తిమింగలాల్లో ఎక్కువగా తోకే ముందొస్తుంది). అది పిల్ల కాదు, తిన్న ఆహారమేమో అని తెవిసెన్ పేచీ పెట్టాడనుకోండి. నాకు మాత్రం దాని పళ్ళ సంగతే ఆసక్తి. దవడ పళ్ళు అప్పటికే గట్టిపడ్డాయి, అంటే దూడలాగా పుట్టగానే లేచి తిరిగే రకం.

అంటే నీళ్ళే పిల్లని పెద్దది చేశాయనడం సగమే నిజం. గిట్టల జాతికి అలాంటి పిల్ల నేల మీదే ఉంది. ఆ పెట్టుబడితోనే తిమింగలం సముద్రంలోకి దిగింది. సీ ఆటర్‌కి మాత్రం ఆ ఆస్తి లేదు, మధ్యలో సంపాదించుకోవాల్సొచ్చింది. అన్నట్టు నీలి తిమింగలం పిల్ల రెండు టన్నులు దాటినా, వంద టన్నుల తల్లి ముందు అది రెండు మూడు శాతమే.

పాప ఇప్పుడు రెండున్నర కేజీలు. ఉన్ని టోపీ మాత్రం ఇంకా తియ్యనివ్వట్లేదు మా అమ్మ.