కిటికీ కూడా చరిత్రకు ఆధారమే: ఇంగ్లండులో శాష్ కిటికీల మరమ్మతు

చరిత్రకు ఆధారాలంటే శాసనాలు, నాణేలు, దస్తావేజులు మాత్రమే అని మీరు అనుకోవచ్చు. ప్రజలు నివసించిన ఇళ్లు కూడా ఆధారాలే. ఇంగ్లండులోని పాత ఇళ్ల కిటికీని ఉదాహరణగా తీసుకొని, దాన్ని బాగుచేసేటప్పుడు ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

నిర్మాణం

శాష్ కిటికీ రెక్కలు మన కిటికీ తలుపుల్లా పక్కకు తెరుచుకోవు. ఒకదాని వెనుక ఒకటిగా పైకీ కిందికీ జరుగుతాయి. రెక్కకు కట్టిన తాడు గిలక మీదుగా వెళ్లి, చట్రం పక్కనున్న డొల్ల పెట్టెలో వేలాడే సీసపు లేదా పోత ఇనుప బరువును మోస్తుంది. ఆ బరువు రెక్క బరువుకు సరితూగుతుంది కాబట్టి, రెక్క ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. ఈ రకం కిటికీ 17వ శతాబ్దం చివరి భాగంలో అక్కడ వాడుకలోకి వచ్చింది.

చట్టాలు, పన్నులు

1666లో లండన్ నగరం అగ్నికి ఆహుతైంది. నిప్పు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పాకుతుందన్న భయం తరువాతి చట్టాల్లో కనిపిస్తుంది. 1709 చట్టం లండన్‌లో కిటికీ చట్రాన్ని గోడ ముఖం నుంచి నాలుగు అంగుళాలు లోపలికి జరపాలన్నది. 1774 చట్టం బరువుల పెట్టెను ఇటుకల వెనుక దాచాలన్నది. కనుక చట్రం ఉన్న చోటు ఇంటి కాలాన్ని సూచిస్తుంది. అయితే ఇతర పట్టణాలు ఈ పద్ధతులను ఆలస్యంగా అనుసరించాయి కాబట్టి, ఈ ఒక్క గుర్తుతోనే కాలాన్ని నిర్ణయించకూడదు.

1696 నుంచి 1851 వరకు కిటికీల సంఖ్యను బట్టి పన్ను ఉండేది. కొందరు కిటికీలను ఇటుకలతో మూయించారు. కానీ మూసిన ప్రతి కిటికీకీ పన్నే కారణం కాదు. ముఖభాగం రెండువైపులా సమంగా కనిపించాలని మొదటే అలా కట్టినవీ ఉన్నాయి. గాజుపై సుంకం 1845లో రద్దయింది. పెద్ద పలకలు చవకయ్యాయి, మధ్య పుల్లలు తగ్గాయి, రెక్కల బరువు పెరిగింది. అతుకులకు బలం చేకూర్చడానికి పై రెక్క కింది మూలల్లో చిన్న కొమ్ములు వచ్చాయి.

మరమ్మతు

తెగిన తాడు మార్చడం, పుచ్చిన భాగాన్ని మాత్రమే కోసి కొత్త చెక్క అతకడం, అవిసె నూనె లప్పంతో గాజును మళ్లీ బిగించడం ఇందులో ముఖ్యమైన పనులు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి వాటిని జాగ్రత్తగా తీయాలి. పాతవాటిని కొత్తవిగా మార్చేయకుండా కాపాడాలన్న ఆలోచనతో విలియం మోరిస్ తదితరులు 1877లో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించారు.

చలిలో ఉండేవారి ఇబ్బంది నిజమైనదే. అందుకే కొందరు ప్లాస్టిక్ కిటికీలు పెట్టిస్తారు. కానీ సందులకు పట్టీలు వేసి, లోపలివైపు మరో అద్దపు రెక్క అమర్చితే చలిగాలి చాలావరకు తగ్గుతుంది. పాత కిటికీ కూడా మిగులుతుంది. పారవేసిన కిటికీతో పాటు వడ్రంగి ఉలి గుర్తులు, అలలు తేలిన పాత గాజు, ఒకదానిపై ఒకటిగా ఉన్న రంగుల పొరలు పోతాయి. కాగితాన్ని నకలు తీసుకోవచ్చు గాని, వీటిని మళ్లీ తెచ్చుకోలేం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరిలోని ఒక పాత ఇంటి కిటికీని పరిశీలించి, ఏ భాగం పాతదో, ఏది తరువాత మార్చినదో కారణాలతో రాయండి.