సంఘమా? నికాయమా? — ఒక పదవిచారము

నెల్లూరు మండలపుఁ బశ్చిమభాగమున, ఉదయగిరి కొండలకును ఆత్మకూరునకును నడుమనుండు మఱ్ఱిపాటి ప్రాంతమున నేను బాలురకుఁ దెలుఁగు వ్యాకరణము చెప్పుచున్న కాలమున, క్రైస్తవకుటుంబమునకుఁ జెందిన విద్యార్థి యొకఁడు తన గ్రంథమును దెచ్చి, పౌలు పేర వెలసిన ఎఫెసీయుల లేఖయందు మూఁడవ యధ్యాయమునఁ బదియవ వాక్యమును జూపి, "అయ్యవారూ, సంఘము దేవదూతలకు నేర్పుట యెట్లు?" అని యడిగెను. నాఁడు నేను చెప్పిన సమాధానము నాకే రుచింపలేదు. పిమ్మటఁ గొంత పరిశ్రమించి తెలిసికొన్నదానిని పండితుల పరీక్షకై యిందు వ్రాయుచున్నాను.

ఆ వాక్యమునకుఁ దాత్పర్యమిది: దేవుని జ్ఞానము పలుతెఱఁగులది, అది సంఘముమూలమునఁ బరలోకమందలి ప్రధానులకును అధికారులకును దెలియవలయును. ఇచటఁ బ్రధానులన నధికారులనఁ గరణము, మునసబులు గారు. దేవదూతలయందును భూతశక్తులయందును గల శ్రేణులు. సంఘము వారికిఁ బ్రసంగము చేయునని లేఖ చెప్పదు. సంఘమును జూచి వారు నేర్చికొందురు. అనఁగా మనుష్యసమూహమే పాఠ్యగ్రంథము, దేవదూతలే విద్యార్థులు. నాలుగవ శతాబ్దివాఁడగు, స్వర్ణముఖుఁడని బిరుదందిన యోహాను, మనతోఁగూడ దూతలును అప్పుడే తెలిసికొనిరని వ్యాఖ్యానించెను. ఆ కాలపువాఁడే యగు నిస్సా గ్రెగొరీ మఱింత సూక్ష్మముగాఁ జూచెను. ఏకరూపమగు జ్ఞానమును దూతలు మున్నే యెఱుఁగుదురఁట. మృత్యువువలన జీవము, అవమానమువలన మహిమ యను విరుద్ధములయల్లిక మాత్రము సంఘమువలననే వారికిఁ దెలియవచ్చెనఁట.

మూలమున నీ జ్ఞానమునకు విశేషణముగా నున్న గ్రీకు పదము పొలుపొయికిలొస్. తెలుఁగు బైబిలునందు 'నానావిధ' యని యున్నది. తప్పు గాదు గాని, రంగు పోయినది. పొయికిలొస్ అనఁగాఁ బలువన్నెలది, చిత్రాసనమువంటిది. ఈ పదమును మన 'పిశ' ధాతువును ఒకే మూలమునఁ బుట్టినవని శబ్దశాస్త్రజ్ఞుల మతము. ఆ ధాతువునకుఁ జెందినదే పేశల శబ్దము. దానికిఁ జారువనియు దక్షుఁడనియు రెండర్థములు నమరసింహునకు సమ్మతములు. అందమును నేర్పును ఒక్కచోఁ గలిసిన యీ మాట యిచట నెంత యొప్పునో సహృదయులు చూతురు గాక!

ఇఁక సంఘ శబ్దము. రోమను కతోలికులు 'శ్రీసభ' యందురు, ప్రొటెస్టెంటులు 'సంఘ'మందురు. పాణిని తృతీయాధ్యాయ తృతీయపాదమున గణార్థమున సంఘ శబ్దమును నిపాతించెను. అంతకు మున్ను ఆ పాదమందే, ఔత్తరాధర్యము, అనఁగాఁ గ్రిందుమీఁదుల స్థితి, లేని సంఘము చెప్పఁబడునపుడు నికాయ శబ్దము సిద్ధించునని విధించెను. వృత్తికారులు భిక్షుకనికాయమును ఉదాహరణముగాను, ఒకదానిమీఁద నొకటి పడియుండు సూకరనిచయమును బ్రత్యుదాహరణముగాను జూపిరి. ప్రాణులొకదానిపై నొకటి యుండుటనే వారు చెప్పిరి గాని కులతారతమ్యమును జెప్పలేదు. ఆ యర్థమును నేను గల్పించి గ్రహించుచున్నాను. అయినను సూత్రమందలి విశేషణము వ్యర్థము గాఁగూడదు గనుక, సంఘము రెండు విధములనుట స్పష్టము. లేఖలోఁ బూర్వవాక్యములు చెప్పు మర్మమేమన, యూదులును అన్యజనులును ఒకే శరీరమగుట. కాఁబట్టి దూతలు చూడవలసినది నికాయమే గాని నిచయము గాదు.

ఈ నికాయము మన మండలమున నెట్లు పరీక్షింపఁబడెనో చూతము. 1840లో అమెరికా బాప్తిస్తు మిషనువాఁడగు సామ్యూలు డే నెల్లూరు చేరెను. పాతికేండ్లు ఫలము స్వల్పము. ఈ స్థానమును విడుతమా యని స్వదేశమందలి వారు పలుమాఱు తర్కించిరి. 1865లో జాన్ క్లౌ దొర వచ్చి, మఱుసటి యేఁట ఒంగోలునకుఁ బోయెను. ఒంగోలు నాఁడు నెల్లూరు మండలములోనిదే. 1904లో గుంటూరు మండలమునఁ జేరి, 1970లోఁ బ్రకాశము మండలమునకు ముఖ్యపట్టణమయ్యెను. అచట నగ్రవర్ణులు మొదట దొర పాఠశాలను ఆదరించిరి. ఇంతలోఁ దాళ్ళకొండపాటి మాదిగ, రాజయోగమార్గమున నుపదేశము పొందియుండినవాఁడు, యెఱ్ఱగుంట్ల పేరయ్య తనవారిని వెంటఁ గొనివచ్చెను. వీరిని జేర్చికొన్నచోఁ దాము రామని పెద్దలు పలికిరి. దొరయు, ఆయన భార్యయు వేర్వేఱు గదులఁ గూర్చుండి గ్రంథము తెఱవఁగా, లోకము నీచులనెంచినవారిని దేవుఁడేర్పఱచుకొనెనను కొరింథీయుల లేఖాభాగమే యిరువురకును దొరకెనని క్లౌ దొర వ్రాసెను. మాదిగలు నిలిచిరి; పెద్దలు వెళ్లిరి.

ఆదివారమునఁ బనిచేయరాదు, చచ్చిన పశువును దినరాదు, విగ్రహములను గొలువరాదు అని వారికి మూఁడు నియమములు. వీనిలో మొదటిది వెట్టికిని, మూఁడవది గ్రామదేవత జాతరలోని డప్పునకును అడ్డు వచ్చినది. పల్లెలఁ గరణములును మునసబులును ఎదురుతిరిగిరి. పరలోకపు అధికారుల మాట యెట్లున్నను, భూలోకపు అధికారులకు మాత్రము సంఘమన నేమో యప్పుడు తెలిసినది.

1876 మొదలు 1878 వఱకు ఘోరక్షామము. క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకమునఁ గొంతభాగమును గుత్తకుఁ దీసికొని పేదలకుఁ గూలి కల్పించెను. కూటికై మతమునఁ జేరిరన్న నింద రాకుండుటకై యా కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. నిందకు వెఱచి చేసిన యీ జాగు నాకు మిక్కిలి గౌరవపాత్రముగాఁ దోఁచును. పిదప 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో నొక్కదినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఉదయగిరి, ఆత్మకూరులందును ఆ మిషను తరువాత స్థానము లేర్పఱచుకొనెను.

ఇచట నొక పూర్వపక్షము గలదు. ఒంగోలు ప్రాంతమున సంఘమెక్కువగా మాదిగలతోను, గుంటూరు లూథరను మిషనునందు ఎక్కువగా మాలలతోను నిండినది. పెక్కుపల్లెల రెండు వాడలకు రెండు ప్రార్థనామందిరములు. మఱి బహువర్ణమెక్కడ? పెద్దలు విడిచిపోయిరి గనుక వర్ణములు తగ్గెననుట సమాధానములో సగమే. తక్కిన సగము రెండు మందిరముల నడుమనున్న వీధిలోనున్నది. ఆ వీధి యుండఁగా నికాయ శబ్దమును బ్రయోగించుటకు నా వ్యాకరణ మొప్పుకొనదు. కాని మాదిగలు రాఁగా వీధిలోనికి లేచిపోయినవారిలో మా వంటి శాస్త్రపాఠకుల పూర్వులును ఉండిరి గనుక, ఆ మాట నేను గట్టిగాఁ జెప్పఁజాలను. విద్యార్థికి మాత్రము సూత్రమును, దాని ప్రత్యుదాహరణమును వ్రాసి యిచ్చితిని.