బందరాయన తాకట్టు

మద్రాసు మౌంట్ రోడ్డు. 1910కి కాస్త ముందటి మాట. పొద్దుపోయినా ఫొటో స్టూడియోలో దీపం ఆరలేదనుకుందాం. బల్ల మీద ఓ విదేశీ యంత్రం ప్రకటన. పేరు క్రోనోమెగాఫోన్. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన గ్రామఫోన్ పళ్లెం దానికి తగ్గట్టు పలుకుతుంది. ఆ గొంతును గాలి ఒత్తిడితో హాలంతా వినపడేలా పెంచుతారు. ధర ముప్పై వేలని చెబుతారు. బందరు నుంచి కుర్రతనంలోనే వచ్చేసిన రఘుపతి వెంకయ్యకు ఆస్తి అంటే ఆ స్టూడియోనే. దాన్నే తాకట్టు పెట్టారు.

నడుస్తున్న కొట్టు తాకట్టు పెట్టి బొమ్మలాడిస్తారా అని ఇంట్లో ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

1910లో విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆట మొదలైంది. తర్వాత యంత్రాన్ని వెంటేసుకుని బెంగళూరు, బెజవాడ, సముద్రం దాటి సింహళం, రంగూన్ తిరిగారు. ఆపైన మౌంట్ రోడ్డులో గెయిటీ, ఆ వెనక క్రౌన్, గ్లోబ్ థియేటర్లు లేచాయి. తెలుగు సినిమా పితామహుడంటాం గానీ ఆయన మొదట సినిమా తీసినవారు కాదు, ఆడించినవారు. కొడుకు ప్రకాష్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయడానికి ఇంకో పదేళ్లు పట్టింది. మన డెల్టా సినిమాకిచ్చిన వాళ్లను లెక్కపెట్టమంటే గుడివాడ వైపు నుంచి ఘంటసాల, అక్కినేని, దివి సీమ దారిలో చల్లపల్లి రాజా గబగబా గుర్తొస్తారు. వెంకయ్య చివర్న వస్తారు. నన్నడిగితే ఆ వరస తిరగేయాలి.

ఆ యంత్రం ఫ్రాన్సులోని గోమాంట్ కంపెనీది. 1908లో ఎమీల్ కోల్ ఏడొందల దాకా బొమ్మలు గీసి చేసిన ‘ఫాంటస్మగోరీ’ని విడుదల చేసిందీ ఆ కంపెనీయే. యానిమేషన్ చరిత్ర దాదాపు అక్కడే మొదలవుతుంది. ఆ సినిమా నిడివి రెండు నిమిషాలు కూడా లేదు.

ఇప్పుడు అవనిగడ్డలో ఓ అమ్మాయి ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల బొమ్మల సినిమా చేసిందనుకోండి. గీసే పనిముట్టుకు కొదవ లేదు. ఉచితంగా దొరికే బ్లెండర్‌తో చేసిన ‘ఫ్లో’కి 2025లో ఆస్కారే వచ్చింది. చిక్కంతా ఆడించడంలోనే. అమెరికాలో నీనా పేలీ సీత కథను దాదాపు ఒంటిచేత్తో ‘సీతా సింగ్స్ ద బ్లూస్’గా తీశారు. అందులో వాడుకున్న పాత పాటల హక్కులకు యాభై వేల డాలర్లు కట్టాల్సొచ్చి అప్పు చేశారు. 2009లో సినిమాను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా వదిలేశారు. ఇదీ ఒక తాకట్టే.

అలాంటి సినిమాలకు మన వైపు ఎవరైనా వెబ్‌సైట్ కడితే, అది థియేటర్ కట్టినట్టే ఉండాలి. పేజీ తెరవగానే వీడియో దానంతటది మొదలవకూడదు. నాగాయలంకలో సిగ్నల్ అందీ అందని ఫోనుకు అది డేటా దండగ. ముందు ఒక్క బొమ్మ కనబడాలి. దాని కింద నిడివి, భాష, గీసినవాళ్ల పేరు. పేరు పెద్దక్షరాల్లో, సైటు పేరు కంటే పెద్దగా. నొక్కాక సిగ్నల్‌ను బట్టి వీడియో నాణ్యత తగ్గాలే తప్ప ఆగిపోకూడదు. చిత్తు బొమ్మలు కూడా పెడితే చూసే పిల్లలకు పని అర్థమవుతుంది. వచ్చినవన్నీ గుట్టపోస్తే గోడౌనవుతుంది. వారానికొకటి ఎంచి ముందు పెట్టే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. సినిమా హక్కు తీసినవాళ్ల దగ్గరే ఉంటుందని, ప్రకటనల డబ్బొస్తే వాళ్ల వాటా ఇంతని ఒప్పందంలో తెలుగులోనే రాసి, సినిమా పంపే పేజీలోనే కనపడేలా పెట్టాలి.