జైనథ్, ఎలగందుల: చారిత్రక కట్టడాల బాహ్య దీపాలంకరణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: చారిత్రక కట్టడానికి బయటి నుంచి విద్యుద్దీపాలు అమర్చేటప్పుడు ఆ కట్టడం తన కాలంలో వెలుగును ఎలా వాడుకుందో తెలుసుకోవడం అవసరం. ఆదిలాబాద్ జిల్లా జైనథ్ ఆలయం, కరీంనగర్ సమీపంలోని ఎలగందుల కోట ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: జైనథ్, ఎలగందుల, నిమ్బాదిత్యుడు, అఖండదీపం, దీపాలంకరణ.

1. ఉపోద్ఘాతం

రాత్రివేళ ఒక కట్టడాన్ని దీపాలతో చూపడం దానిని వ్యాఖ్యానించడమే. ఏ భాగం వెలగాలో, ఏ భాగం చీకటిలో ఉండాలో నిర్ణయించేవారు చూపరి దృష్టిని నడిపిస్తారు. 1952లో ఫ్రాన్సులోని షాంబోర్ కోటలో మొదలైన ధ్వని-కాంతి ప్రదర్శన పద్ధతి మన గోల్కొండ కోట దాకా వచ్చింది. ఎల్.ఇ.డి. దీపాలు చౌకైన తరువాత రంగులు మారే వెలుగులు చిన్న ఊళ్ళ గుడులకూ బురుజులకూ చేరాయి. ఈ వెలుగు కట్టడం చరిత్రను చెబుతున్నదా, కప్పివేస్తున్నదా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. శాసనాల్లో దీపం

తెలుగు శాసనాల్లో వెలుగు కూడా ఒక దానం. ద్రాక్షారామం మొదలైన క్షేత్రాల శాసనాలు అఖండదీపాలకు ఇచ్చిన గొర్రెలను, ఆవులను పేర్కొంటాయి. మంద నుంచి నెయ్యి, నెయ్యి నుంచి వెలుగు. దీపం ఆరకుండా చూసే బాధ్యత ఆ పశువులను స్వీకరించినవారిది. దీపాన్ని వెలిగించడంతో పాటు దానిని నిలిపే ఏర్పాటు కూడా దాత ఆలోచనలో భాగమేనని దీనివల్ల తెలుస్తున్నది. దీపాలు బిగించాక వాటి నిర్వహణకు నిధి, బాధ్యులు కరువయ్యే నేటి పథకాలకు ఈ పద్ధతి ఒక పాఠం.

3. జైనథ్: సూర్యుడే దీపం

ఆదిలాబాద్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని జైనథ్‌లో నల్లరాతితో కట్టిన లక్ష్మీనారాయణస్వామి ఆలయం ఉంది. ఏటా శరత్కాలంలో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు గర్భగుడిలోని మూర్తి పాదాలను తాకుతాయి. ఆ దృశ్యం కోసం భక్తులు వేచి ఉంటారు. ఇక్కడ లభించిన పరమార జగద్దేవుని కాలపు సంస్కృత శాసనం, అతని అధికారి లోలార్కుని భార్య పద్మావతి నిమ్బాదిత్యునికి ఆలయం కట్టించిన సంగతిని చెబుతున్నది. నిమ్బాదిత్యుడంటే సూర్యుడే. సూర్యునికి గుడి కట్టించిన శాసనమూ, సూర్యకిరణాల సంప్రదాయమూ ఒకే ఊళ్ళో కనిపించడం గమనార్హం.

దీనివెనుక ఉన్న లెక్క సులభమైనదే. సూర్యుని ఉదయస్థానం ఉత్తరాయణ, దక్షిణాయనాల మధ్య దిక్చక్రంపై జరుగుతూ ఉంటుంది. రెండు కొసలు తప్ప మిగిలిన ప్రతి స్థానానికీ అతడు ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. గుడి వాకిలి ఏ దిక్కుకు తెరుచుకున్నదో, మూర్తి ఎంత లోతున ఉన్నదో అనే రెండింటిని బట్టి కిరణం లోపలికి చేరే రోజులు ఏర్పడతాయి. ఆ కిరణం స్పష్టంగా కనిపించాలంటే చుట్టూ నీడ ఉండాలి. వాకిలికి ఎదురుగా రాత్రీపగలూ వెలిగే దీపస్తంభం నిలిపినా, మండపంలో తెల్లని దీపాలు నింపినా ఆ తేడా చెదిరిపోతుంది. ఎదుట ఎత్తైన కట్టడం లేస్తే కిరణమే రాదు. కాబట్టి ఇక్కడ కాపాడవలసినవి రాళ్ళు మాత్రమే కావు; తూర్పు ఆకాశమూ లోపలి నీడా కూడా.

4. ఎలగందుల: కోటకు కావలసిన చీకటి

మానేరు తీరాన కరీంనగర్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎలగందుల కోట కాకతీయుల నుంచి అసఫ్‌జాహీల దాకా పలు పాలనలను చూసింది. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారేవరకు పాలన ఇక్కడి నుంచే సాగింది. ఇక్కడి మసీదు మినార్లను 1754లో జఫర్-ఉద్-దౌలా కట్టించాడని, ఊపితే అవి కదులుతాయని ప్రసిద్ధి.

కోట స్వభావం గుడి స్వభావానికి భిన్నమైనది. కావలివాడు చీకట్లోకి చూడాలి. శత్రువుకు కోట లోపల కనిపించకూడదు. కొండ మొత్తాన్ని ఒకే తెల్లని వెలుగుతో ముంచెత్తితే ప్రాకారాల వరుసలన్నీ ఒకే గోడగా కనిపిస్తాయి. ఒక్కొక్క వరుసను కింది నుంచి మెల్లగా చూపి, మధ్యలో చీకటిని వదిలితేనే కోట అంచెలంచెలుగా ఎలా పెరిగిందో చూపరికి తెలుస్తుంది. కదలిక గల మినార్లకు దీపాలను, తీగలను బిగించడం ప్రమాదకరం. వాటికి దూరంగా నేలపై నిలిపిన దీపమే మేలు.

5. రూపకల్పనలో గమనించవలసినవి

జైనథ్ నల్లరాయి వెలుగును చాలావరకు మింగేస్తుంది. సున్నపు పూత గల గోడ తిరిగి ఇస్తుంది. నల్లరాయిని వెలిగించాలని దీపం శక్తిని పెంచితే రాయికన్నా ఆకాశమే ఎక్కువ వెలుగుతుంది. గోడకు దగ్గరగా, ఏటవాలుగా పడే కొద్దిపాటి వెలుగు చాలు. శిల్పాల నీడలే వాటి ఆకృతిని చూపుతాయి. నూనె దీపపు వెలుగు సుమారు 1900 కెల్విన్ ఉంటుంది. దానికి దగ్గరైన 2700 కెల్విన్ లోపు పసుపు వెలుగు పాత రాతికి నప్పుతుంది. నీలి వెలుగు తక్కువ కనుక పురుగులనూ తక్కువగా ఆకర్షిస్తుంది. రాతిలో దింపిన ఇనుప మేకు తుప్పు పట్టి ఉబ్బితే రాయి పగులుతుంది. అందువల్ల ఏ అమరికనైనా గుర్తు మిగలకుండా తీసివేయగలగాలి. ఈ జాగ్రత్తలకు 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఆధారం కావాలి.

6. ముగింపు

జైనథ్‌లో వెలుగు రావలసిన దిక్కును ఆలయమే చెబుతున్నది. ఎలగందులలో చీకటి ఉండవలసిన చోటును ప్రాకారాలు చెబుతున్నాయి. దీపాల పథకం గీసేవారి పక్కన శాసన పరిశోధకుడు, స్థపతి, ఆ ఊరి అర్చకుడు లేదా ముతవల్లి కూర్చోవాలి. ఏడాదిలో అన్ని ఋతువుల్లో కట్టడంపై ఎండ, నీడ నడిచే తీరును నమోదు చేసిన తరువాతే టెండరు పిలవాలి. ఆ నమోదు లేకుండా వేసే ప్రతి దీపమూ చదవని శాసనంపై సున్నం కొట్టడంతో సమానం.